పసిఫిక్ ట్యూనా పరిశ్రమ

ట్యూనా వెచ్చని సముద్రాల్లో వేల కిలోమీటర్లు తిరిగే వలస చేప. కోస్తాంధ్ర జాలర్లు సూర అంటారు. స్కిప్‌జాక్, యెల్లోఫిన్, బిగ్‌ఐ, ఆల్బకోర్, బ్లూఫిన్ వ్యాపారంలో ముఖ్యమైన రకాలు. ప్రపంచవ్యాప్తంగా ఏటా పట్టే సుమారు 50 లక్షల టన్నుల్లో సగానికి పైగా పశ్చిమ, మధ్య పసిఫిక్ నుంచే వస్తుంది. అందులో అధికభాగం డబ్బాల్లోకి వెళ్లే స్కిప్‌జాక్.

తొలి దశ: పసిఫిక్ దీవుల ప్రజలు ముత్యపు చిప్పతో చేసిన గాలాలతో ప్రాచీన కాలం నుంచే ట్యూనా పడుతున్నారు. అది పరిశ్రమగా మారింది డబ్బా వచ్చాకే. 1903లో కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రోలో సార్డీన్ల కొరత ఏర్పడితే, ఆల్బర్ట్ హాఫ్‌హిల్ వాటికి బదులు ఆల్బకోర్‌ను డబ్బాల్లో నింపి అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ పడవలు పసిఫిక్ అంతటా విస్తరించాయి. 1954లో అమెరికన్ సమోవాలోని పాగో పాగోలో వాన్ క్యాంప్ కంపెనీ క్యానింగ్ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. నైలాన్ వలలు, వలను యంత్రంతో లాగే పవర్ బ్లాక్ రావడంతో గడకు కట్టిన గాలాల స్థానాన్ని పర్స్ సీన్ వల ఆక్రమించింది. ఇది మన తీరంలోని రింగు వలకు పెద్దన్న లాంటిది. ఒక్కసారి వేస్తే మంద మొత్తం చిక్కుతుంది. తూర్పు పసిఫిక్‌లో ఈ వలల్లో డాల్ఫిన్లు లక్షల సంఖ్యలో చనిపోయాయి. 1990లో అమెరికాలోని మూడు ప్రధాన కంపెనీలు అలా పట్టిన చేప కొనబోమని ప్రకటించాయి.

హక్కుల పోరు: 1970ల చివర్లో దీవుల దేశాలు తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు సముద్రం తమదని ప్రకటించాయి. 1979లో హోనియారా కేంద్రంగా ఫోరమ్ ఫిషరీస్ ఏజెన్సీ ఏర్పడింది. అమెరికా మాత్రం వలస చేప ఏ తీరదేశానికీ చెందదని వాదిస్తూ వచ్చింది. 1984లో అనుమతి లేకుండా చేపలు పడుతున్న జెనెట్ డయానా అనే అమెరికన్ నౌకను సాలమన్ దీవుల ప్రభుత్వం పట్టుకుంది. న్యాయస్థానం నౌకను జప్తు చేసింది. ప్రతిగా అమెరికా ఆ దేశపు చేపల దిగుమతిని నిషేధించింది. మరుసటి సంవత్సరం కిరిబాటి సోవియట్ యూనియన్‌తో చేపల ఒప్పందం కుదుర్చుకుంది. ఏడాది మాత్రమే నడిచిన ఆ ఒప్పందం వాషింగ్టన్‌ను కదిలించింది. 1987 ఏప్రిల్ 2న పోర్ట్ మోర్స్‌బీలో అమెరికాకూ దీవులకూ మధ్య ట్యూనా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ప్రచ్ఛన్న యుద్ధాన్ని ఇంత లాఘవంగా వాడుకున్న చిన్న దేశాలు అరుదు.

అంతకు ముందే, 1982 ఫిబ్రవరిలో, కిరిబాటి, నౌరు, పలావు, పాపువా న్యూగినీ, మార్షల్ దీవులు, మైక్రోనేషియా, సాలమన్ దీవులు తమ జలాల్లో వేటను కలిసి నియంత్రించేందుకు నౌరు ఒప్పందం చేసుకున్నాయి. తర్వాత తువాలు చేరింది. తొలి పాతికేళ్లు దూరదేశాల నౌకలు చెల్లించిన రుసుము పట్టిన చేప విలువలో స్వల్ప శాతమే. 2007లో మొదలైన నౌకా దినాల పథకం ఈ స్థితిని మార్చింది. చేపను తూకం వేసి అమ్మే బదులు, పర్స్ సీన్ నౌక తమ జలాల్లో వేటాడే రోజులను అమ్మడం దీని పద్ధతి. మొత్తం రోజులకు ఏటా పరిమితి ఉంటుంది. 80 మీటర్లకు మించిన నౌకకు ఒక రోజు ఒకటిన్నర రోజుగా, 50 మీటర్ల లోపు నౌకకు అర రోజుగా లెక్క. రోజుకు కనీస ధర 2012లో 5,000 డాలర్లు, 2015 నాటికి 8,000. సభ్యదేశాల వార్షిక ఆదాయం 2010లో సుమారు 6 కోట్ల డాలర్లు. దశాబ్దం ముగిసేసరికి సుమారు 50 కోట్లు. ఇదే కాలంలో ప్రతి పర్స్ సీన్ నౌక మీద పరిశీలకుడిని తప్పనిసరి చేశారు. 2011 చివర్లో, చేపలను ఆకర్షించే తేలుడు తెప్పలు లేకుండా పట్టిన స్కిప్‌జాక్‌కు, నిల్వలు దెబ్బతినని వేటకు మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ఇచ్చే గుర్తింపు లభించింది.

సమస్యలు: ట్యూనా నిల్వల విషయంలో పశ్చిమ, మధ్య పసిఫిక్ మిగతా మహాసముద్రాల కంటే మెరుగు; స్కిప్‌జాక్, యెల్లోఫిన్, బిగ్‌ఐ, దక్షిణ ఆల్బకోర్ నాలుగూ ప్రస్తుతం సురక్షిత స్థాయిలో ఉన్నాయి. అయితే తేలుడు తెప్పల కింద స్కిప్‌జాక్‌తో పాటు బిగ్‌ఐ, యెల్లోఫిన్ పిల్లలూ చేరి వలలో పడతాయి. అందుకే ఏటా కొంతకాలం తెప్పల వేటను నిషేధిస్తున్నారు. పొడవాటి తాళ్లకు గాలాలు కట్టి వేటాడే లాంగ్‌లైన్ నౌకల మీద నిఘా బలహీనం. వాటి వేటలో పరిశీలకులు ఉండాల్సిన లక్ష్యం 5 శాతమే. నడిసముద్రంలోనే సరుకు మార్చుకుంటూ నెలల తరబడి రేవుకు రాని నౌకల్లో కూలీల పరిస్థితి తీవ్ర విమర్శలకు గురైంది.

విలువలో పెద్ద వాటా ఇప్పటికీ బయటికే పోతోంది. డబ్బా ట్యూనా ఎగుమతిలో థాయిలాండ్ అగ్రస్థానంలో ఉంది. సాలమన్ దీవుల్లోని నోరో, పాపువా న్యూగినీలోని మాడాంగ్, లే పట్టణాల ఫ్యాక్టరీలు వేల మందికి, ముఖ్యంగా స్త్రీలకు, పని కల్పిస్తున్నాయి. మంచినీరు, కరెంటు, రవాణా ఖర్చుల వల్ల చిన్న పగడపు దీవులకు ఆ మార్గం కష్టం.

మధ్య, తూర్పు పసిఫిక్ వేడెక్కే ఎల్‌నినో సంవత్సరాల్లో స్కిప్‌జాక్ మందలు తూర్పుకు, కిరిబాటి వైపు జరుగుతాయి; అది చల్లబడే లానినాలో పాపువా న్యూగినీ వైపు తిరిగివస్తాయి. సభ్యదేశాలు రోజులను పరస్పరం అమ్ముకుని ఈ హెచ్చుతగ్గులను సర్దుకుంటాయి. సముద్రం వేడెక్కడం వల్ల వచ్చే మార్పుకు ఈ సర్దుబాటు చాలదు. కర్బన ఉద్గారాలు అధికంగా కొనసాగితే 2050 నాటికి 10 పసిఫిక్ దీవుల దేశాల జలాల్లో ట్యూనా సగటున 13 శాతం తగ్గవచ్చని 2021 నాటి అధ్యయనం అంచనా వేసింది. ప్రభుత్వ ఆదాయంలో సగానికి పైగా లైసెన్సు రుసుములే అయిన కిరిబాటి వంటి దేశానికి ఇది బడ్జెట్ సమస్య. మందలు బహిరంగ సముద్రంలోకి జరిగినా తమ వాటా తమకే దక్కాలని దీవుల దేశాలు అంతర్జాతీయ చర్చల్లో కోరుతున్నాయి.