వేరుశనగ వేరు మీద పాత కాపలా

మూడు దిక్కులా ఆంధ్ర పల్లెలే ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకాలో వాన మొహం చాటేసిన ఏడూ రైతు చెనిక్కాయ, అంటే వేరుశనగ, విత్తుతూనే వచ్చాడు. ఎర్రనేలలో ఆ పంటకు అండ వేళ్ల మీది బుడిపెలు. వాటిలో చేరిన బ్రాడీరైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. అయితే నేలలో ఉన్న ప్రతి సూక్ష్మజీవినీ వేరు లోపలికి రానివ్వదు. బాక్టీరియా వదిలే నాడ్ ఫ్యాక్టర్‌ను కణాల పైపొరలోని గ్రాహక ప్రోటీన్లు ముందు గుర్తుపట్టాలి. ఈ గ్రాహకాలు బుడిపెల కోసం కొత్తగా పుట్టినవి కావు, అంతకంటే ఎంతో పాతవాటి నకళ్లకు చేసిన చిన్న దిద్దుబాట్లు అనడానికి మంచి ఆధారాలే ఉన్నాయి.

2003లో డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో యెన్స్ స్టౌగార్డ్ బృందం లోటస్ జపానికస్ అనే చిన్న పప్పుజాతి మొక్కలో ఎన్‌ఎఫ్‌ఆర్1, ఎన్‌ఎఫ్‌ఆర్5 గ్రాహకాలను బయటపెట్టింది. నాలుగేళ్లకు జపాన్ శాస్త్రజ్ఞులు అరబిడాప్సిస్‌లో సెర్క్1 గ్రాహకాన్ని కనుగొన్నారు. ఆవాల కుటుంబానికి చెందిన ఈ మొక్క బుడిపెలే వేయదు. బూజు కణాల గోడలోని కైటిన్ తగలగానే సెర్క్1 రక్షణ చర్యలు మొదలుపెడుతుంది. అయినా ఎన్‌ఎఫ్‌ఆర్1కూ దీనికీ నిర్మాణం దాదాపు ఒకటే. నాడ్ ఫ్యాక్టర్ కూడా కొవ్వు తోక తగిలించిన పొట్టి కైటిన్ గొలుసు లాంటిదే. 2020లో ఆర్హస్ పరిశోధకులు లోటస్ కైటిన్ గ్రాహకంలో రెండు చిన్న భాగాలు మార్చితే అది నాడ్ ఫ్యాక్టర్‌కు స్పందించింది.

శత్రువును పట్టే కాపలాదారే మిత్రుడికి తలుపు తీశాడన్న కథ వినసొంపుగా ఉంటుంది గానీ, మరీ సాఫీగా ఉంది. వరిలోని సెర్క్1 రక్షణతో పాటు, వేళ్లకు భాస్వరం తెచ్చిపెట్టే మైకోరైజా శిలీంధ్రంతో స్నేహానికీ పనికొస్తుంది. మొక్కల్లో శిలీంధ్రాల కాపురానికి స్కాట్లాండ్‌లోని రైనీ శిలాజాలు 40 కోట్ల ఏళ్ల నాటి సాక్ష్యం. కాబట్టి పూర్వ గ్రాహకమే రెండు పనులూ చేసేదేమో. జన్యువు నకలు పడ్డాక పనులు వేరుపడి ఉండొచ్చు. ఇక్కడ మరో అభ్యంతరం వస్తుంది. వేరుశనగలో బాక్టీరియా పక్కవేళ్లు పుట్టే చోటి పగుళ్లలోంచి చొరబడుతుంది. వేరుశనగకు బంధువులైన జీలుగ జాతి మొక్కలు కొన్ని నాడ్ ఫ్యాక్టర్ లేకుండానే బుడిపెలు వేస్తాయని 2007లో తేలింది. మరి వేరుశనగకు ఈ గ్రాహకం అవసరమా? అవసరమే: 2020లో క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో ఎన్‌ఎఫ్‌ఆర్5 జన్యువులను దెబ్బతీసిన మొక్కలకు బుడిపెలు రాలేదు. ఎన్‌ఎఫ్‌ఆర్1ను దెబ్బతీసిన కొన్నింటికి మాత్రం వచ్చాయి. రెండు అడవి జాతుల సంకరంగా, రెండు జన్యురాశులతో పుట్టిన పంట ఇది. ఆ లోటును మరో నకలు పూడ్చి ఉంటుందనుకోవడం సబబే.