మరచిపొమ్మని చెప్పని వైద్యుడు: రివర్స్, షెల్ షాక్ చికిత్స

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల పోరాటం ఎలా సాగిందో ముందటి పాఠంలో చదివారు. ఆ పోరాటం సైనికుల మనసులపై చూపిన ప్రభావాన్ని, దానికి ఒక మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కనుగొన్న చికిత్సను ఈ పాఠంలో తెలుసుకుంటారు.

నేపథ్యం

ఫిరంగి గుండ్ల మధ్య నెలల తరబడి గడిపిన సైనికుల్లో కొందరికి మాట పడిపోయింది. కొందరికి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. మరికొందరు పీడకలలతో అరుస్తూ నిద్రలేచేవారు. ఒంటిమీద మాత్రం గాయం కనిపించేది కాదు. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మైయర్స్ 'లాన్సెట్' వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో 'షెల్ షాక్' అనే పేరు ప్రచారంలోకి వచ్చింది.

ఈ రోగులను పిరికివారుగా చూసిన అధికారులు చాలామంది ఉన్నారు. కొన్నిచోట్ల చికిత్స కూడా శిక్షలాగే ఉండేది. మాట పడిపోయిన సైనికుని గొంతుకు విద్యుత్తు పెట్టి, మాట వచ్చేవరకు గది దాటనివ్వని తీరును లండన్ వైద్యుడు లూయిస్ యెల్లాండ్ 1918లో తన గ్రంథంలో తానే వర్ణించాడు. దయగల వైద్యులు, బంధువులు ఇచ్చిన సలహా వేరు: జరిగినదాన్ని మరచిపో, మంచి విషయాలే తలచుకో. ఆప్తులను పోగొట్టుకున్నవారితో మనం 'గుండె రాయి చేసుకో' అనడం కూడా ఇలాంటిదే. రివర్స్ ప్రశ్నించినది ఈ దయగల సలహానే.

రివర్స్ ఎవరు?

డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ (1864–1922) వైద్యవిద్య చదివి, కేంబ్రిడ్జిలో ప్రయోగాత్మక మనోవిజ్ఞానం బోధించాడు. మానవశాస్త్రంలోనూ కృషి చేశాడు. 1901–02లో నీలగిరి కొండలలో తోడాల మధ్య పరిశోధన చేసి, 1906లో వారిపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. మృతునికి మొదట దహనం జరిపి, కొంతకాలం తరువాత దాచిన అవశేషాలకు మరలా అంత్యక్రియ చేసే తోడాల ఆచారాన్ని అందులో వివరంగా నమోదు చేశాడు. ఆ పరిశీలనే అతని చికిత్సకు మూలమని తేల్చడం తొందరపాటు. అయితే ఎదుటివారు చెప్పేది ఓపికగా వినే అలవాటు అతనికి యుద్ధానికి ముందే ఉందని గుర్తించాలి. 1915లో అతడు మాగల్ సైనిక ఆసుపత్రిలో, 1916లో ఎడిన్‌బరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో చేరాడు.

చికిత్సా పద్ధతి

తన పద్ధతిని రివర్స్ 1917 డిసెంబరులో వైద్యుల సభలో చదివిన పత్రంలో వివరించాడు. అది 1918 ఫిబ్రవరిలో 'లాన్సెట్'లో అచ్చయింది. భయంకరమైన జ్ఞాపకాన్ని పగలంతా బలవంతంగా అణచిపెడితే, అది రాత్రి రెట్టింపు బలంతో తిరిగి వస్తుందని అతని వాదన. అలాగని ఎప్పుడూ దానినే తలచుకుంటూ ఉండమని కూడా అతడు చెప్పలేదు. జ్ఞాపకాన్ని ఎదుర్కోవాలి, అందులో భరించగలిగే అంశాన్ని వెదకాలి అన్నాడు.

ఒక ఉదాహరణ చూడండి. ఒక అధికారి తన మిత్రుని వెదుకుతూ వెళ్లి, గుండు దెబ్బకు తునాతునకలైన శరీరాన్ని చూశాడు. అప్పటినుంచి ఆ రూపమే కలలో కనిపించేది. నిద్రపోవడానికే భయపడేవాడు. శరీరం ఆ స్థితిలో ఉన్నదంటే మిత్రుడు క్షణంలో ప్రాణం విడిచాడని, దీర్ఘకాలం బాధపడలేదని రివర్స్ అతనికి చూపాడు. కొన్ని రాత్రులు కల రాలేదు. తరువాత వచ్చిన కలలో అతడు మిత్రుని పక్కన మోకరిల్లి, బంధువులకు ఇవ్వడానికి వస్తువులు ఏరాడు. ఈసారి భయం లేదు. ఆపై మరొక కలలో మిత్రుడు చెక్కుచెదరని రూపంతో కనిపించాడు, ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఇక్కడ జ్ఞాపకం చెరిగిపోలేదని గమనించండి. భయం తొలగిన చోట దుఃఖానికి తావు దొరికింది.

ఈ పద్ధతి అందరికీ పనిచేయలేదు. పేలుడుకు ఎగిరి కుళ్లిన శవంపై పడిన మరొక అధికారి అనుభవంలో ఊరటనిచ్చే అంశం ఒక్కటీ దొరకలేదని రివర్స్ అదే పత్రంలో రాశాడు. ఆ అధికారి సైన్యాన్ని విడిచి వెళ్లవలసి వచ్చింది.

చరిత్ర దృష్టితో

ఈ చికిత్స ఎవరి కోసం? క్రెయిగ్‌లాక్‌హార్ట్ అధికారుల ఆసుపత్రి. సామాన్య సైనికునికి అక్కడ ప్రవేశం లేదు. సైనిక వైద్యునిగా రివర్స్ బాధ్యత, కోలుకున్నవారిని తిరిగి యుద్ధానికి పంపడం. 1917 జులైలో, యుద్ధాన్ని కొనసాగించడాన్ని బహిరంగంగా నిరసించిన కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్‌ను అక్కడికే పంపారు. అతడు నవంబరులో తిరిగి సైనిక విధుల్లో చేరాడు. అయినా రివర్స్ పట్ల అతనికి గౌరవం తగ్గలేదు. 1936లో ప్రచురించిన తన స్వీయానుభవ గ్రంథంలో అతన్ని అసలు పేరుతోనే, అభిమానంతో చిత్రించాడు.

కాబట్టి రివర్స్‌ను యుద్ధ యంత్రంలో భాగంగా మాత్రమే చూసినా, కేవలం కరుణామూర్తిగా చూసినా చిత్రం అసంపూర్ణమే. రోగి చెప్పేది వినడమే చికిత్సకు మొదటి మెట్టని అతడు చూపాడు. ఆ వినికిడిని సైన్యం తన అవసరానికి వాడుకుంది. ఈ రెండు విషయాలూ నిజమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'మరచిపో' అనే సలహాను రివర్స్ ఎందుకు అంగీకరించలేదు?
2. పైన చెప్పిన రెండు ఉదాహరణలూ వైద్యుడు రాసినవే. రోగులే రాసి ఉంటే అవి ఏ విధంగా భిన్నంగా ఉండేవి? చర్చించండి.