గోదావరి గట్టున విరమణ వయస్సు

భద్రాచల యాత్ర చేసివచ్చిన మన శ్రోతలలో ఎందరికో గోదావరియు, రామాలయమును, చుట్టునున్న మన్యమును కన్నుల ఎదుట మెదలుచుండును. ఆ మన్యములోని ప్రభుత్వోద్యోగి బ్రతుకును పాలనా సరిహద్దులు ఎట్లు మార్చినవో నేడు కొంత ముచ్చటించుకొందము.

భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం ప్రభుత్వమునుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చినవి. 1874లో గోదావరి జిల్లాలో చేరినవి. నదికి ఆవలి గట్టున ఖమ్మం ప్రాంతము నిజాం ఏలుబడిలోనే మిగిలినది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన మూడేండ్లకు, 1959లో, భద్రాచలం డివిజను ఖమ్మం జిల్లాలో కలిసినది. అది మొదలు ఏబదియైదేండ్లపాటు రెండు గట్లకును ఒకే జిల్లా, ఒకే సర్వీసు నిబంధనలు.

నిబంధన ఒక్కటే అయినను అది నిలకడగా లేదు. 1979లో 55 నుండి 58 ఏండ్లకు పెంచిన విరమణ వయస్సును 1983 ఫిబ్రవరిలో ప్రభుత్వము తిరిగి 55కు దించినది. చదువుకొన్న యువకులకు కొలువులు దొరకవలెనన్నది చెప్పిన కారణము. ఆ నెలాఖరున రాష్ట్రమంతటను పదునెనిమిది వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు ఒక్కసారిగా ఇండ్లకు చేరినారు. కూతురి పెండ్లికో, ఇంటి అప్పుకో మరి మూడేండ్ల జీతమును నమ్ముకొన్నవారి లెక్కలన్నియు తారుమారైనవి. 1984లో వయస్సు మరల 58 అయినది. 1985 జనవరిలో సుప్రీంకోర్టు, 1983 నాటి తగ్గింపు రాజ్యాంగ విరుద్ధము కాదని తీర్పు చెప్పినది. అనగా అట్లు తగ్గించు అధికారము ప్రభుత్వమునకు ఉన్నదని తేలినది.

2014లో రాష్ట్రము రెండైనది. పోలవరం ముంపు కారణముగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళినవి. భద్రాచలం పట్టణము తెలంగాణలో నిలిచినది. పట్టణపు అంచుననున్న ఎటపాక ఆవలి రాష్ట్రములో చేరినది. ఆంధ్రప్రదేశ్ అదే ఏట విరమణ వయస్సును 60 చేసినది. తెలంగాణలో అది 58గానే ఉండెను. 1960లో పుట్టిన ఇద్దరు ఉపాధ్యాయులను తలచుకొనుడు. భద్రాచలం బడిలోనివారు 2018లో విరమించగా, ఎటపాక బడిలోనివారు 2020 దాకా పాఠము చెప్పినారు. తరువాత 2021లో తెలంగాణ 61కి, 2022లో ఆంధ్రప్రదేశ్ 62కు పెంచినవి.

వయస్సు కథ ఇది. పెన్షను కథ వేరు. 2004 సెప్టెంబరు 1న ఉమ్మడి రాష్ట్రములోనే మరొక గీత పడినది. అంతకుముందు చేరినవారికి పూర్తి సర్వీసు ఉన్నచో చివరి మూలవేతనములో సగము పెన్షను, దానిపై ధరలతో పెరుగు కరవుభత్యము. ఆ పిమ్మట చేరినవారి జీతమునుండి నెలనెలా నూటికి పది కోసి, ప్రభుత్వము తన వాటా కలిపి మార్కెట్టులో మదుపు పెట్టును. విరమణనాటికి పోగైన మొత్తములో నూటికి 40 వంతులతో నెలసరి పెన్షను కొనుక్కొనవలెను. అది ఎంత వచ్చునో ముందుగా ఎవరును చెప్పజాలరు. 2023లో ఆంధ్రప్రదేశ్ హామీ పెన్షను చట్టమును చేసినది ఈ అనిశ్చితిని తగ్గించుటకే.

వయస్సు పెరిగినప్పుడు ఖజానాకు చెల్లింపులు వాయిదా పడును; ఉద్యోగికి మరికొన్ని ఏండ్ల జీతము దక్కును; కొలువుకై ఎదురుచూచు యువకునికి ఆలస్యమగును. తగ్గినప్పుడు లెక్క తిరగబడును. ఏ వయస్సు మంచిదో మేము తేల్చజాలము. మార్పును చాల ముందుగా తెలిపి, మెల్లమెల్లగా అమలుచేయుట మేలని మాత్రము 1983 అనుభవము చెప్పుచున్నది.

విరమణనాడు మెడలో పూలదండతో వచ్చిన ఉపాధ్యాయుని ఇంటివారు, ఎటపాకలోనైనను భద్రాచలములోనైనను, అడుగునది ఒక్కటే: వచ్చే నెల మొదటి తారీఖున చేతికి ఎంత వచ్చును?