మెడలున్న నగ ఎవరి మాట మాట్లాడుతున్నది?

మన ఊర్లల్ల లగ్గం ముచ్చట మొదలైతే ముందుగాల అడిగేది ఒక్కటే: "ఎన్ని తులాలు?" ఆ నగ ఎట్లున్నది, ఎవరు చేసిండ్రు, పిల్లకు నచ్చిందా అని అడిగెటోళ్లు తక్కువ. అప్పు చేసన్న, ఎకరం అమ్మన్న ఆ తులాల లెక్క నింపాలె. కష్టకాలం వస్తే అదే నగ తాకట్టుకు పోతది. అంటే మనకాడ నగ మెడల ఏసుకున్న పాస్‌బుక్కు అన్నట్టు.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, ఇది తప్పని కొట్టిపారేసుడు తేలిక. భూమి పట్టా మీద పేరు లేని ఆడబిడ్డకు, బ్యాంకు గడప తెల్వని కాలంల, తనదని చెప్పుకునే ఆస్తి ఆ నగ ఒక్కటే. గని ఒక ప్రశ్న మిగుల్తది. నగ ధర ఒక్కటే చెప్తదా, ఇంకేమన్న గూడ చెప్పగలదా? గీ ప్రశ్ననే పట్టుకొని అరవై ఏండ్ల సంది నడుస్తున్న కళ ఒకటి ఉన్నది. దాన్ని ఆర్ట్ జువెలరీ అంటున్నరు. మనం కళా నగ అనుకుందాం.

కళా నగ అంటే ఏంది?

షాపుల దొరికే నగకు, కళా నగకు మూడు తేడాలున్నయి. ఒకటి, దాని విలువ లోహంల ఉండదు, ఆలోచనల ఉంటది. బంగారం వాడొచ్చు, రబ్బరు వాడొచ్చు, పగిలిన సీసా ముక్క గూడ వాడొచ్చు. ఏది వాడినా ఎందుకు వాడినమో ఒక కారణం ఉండాలె. రెండు, చేసిన మనిషి పేరు దాని ఎంబడి నడుస్తది. పాటకు రాసినోళ్ల పేరు ఉన్నట్టే. మూడు, అది ఒంటి మీదికి ఎక్కితెనే పూర్తయితది.

ఈ మూడోది జర ఆలోచించుండ్రి. గోడకు ఏలాడే బొమ్మను సూడాలంటే మనమే దాని కాడికి పోవాలె. నగ అట్ల కాదు. మనిషితోని బస్సెక్కుతది, అంగడికి పోతది, మీటింగుల ముందల కూసుంటది. ఎదురొచ్చినోళ్లందరి కండ్లల్ల పడ్తది. నోరు తెరవకుంటనే మాట చెప్పెతందుకు మనిషి ఒంటికంటే మంచి జాగ ఏడున్నది?

బంగారాన్ని పీట మీదికెళ్లి దించినోళ్లు

1960లల్ల యూరప్‌ల కుర్రకారు పాత పద్ధతులన్నిటినీ నిలదీస్తున్న రోజులు. నెదర్లాండ్స్ దేశంల గైస్ బాకర్, ఎమ్మీ వాన్ లీర్సుమ్ అనే ఆలుమగలు నగల పని నేర్చినోళ్లే. నగ అంటే పైసలున్నోళ్ల దర్పం చూపిచ్చే వస్తువు అయిపోయిందని ఆళ్లకు మంట. 1967ల ఆమ్‌స్టర్‌డామ్‌లున్న స్టెడెలిక్ మ్యూజియంల ఆళ్ల నగలు చూపెట్టిండ్రు. అల్యూమినియంతోని చేసిన పెద్దపెద్ద మెడపట్టీలు, భుజాలదాక వచ్చేటియి. పొయ్యి పొగగొట్టం లెక్క వంపు తిరిగిన హారం గూడ ఉన్నది. మన ఇండ్లల్ల గిన్నెలకు వాడే లోహం అది. గంత సౌక లోహం మ్యూజియంల మెడకెక్కింది.

బాకర్ 1973ల ఇంకో అడుగు ముందుకేసిండు. సన్నటి బంగారు తీగను చెయ్యికి గట్టిగ బిగిచ్చి కట్టి, కొంచెం సేపయినంక తీసేసిండు. చర్మం మీద తీగ అచ్చు పడ్డది. ఆ అచ్చే నగ అన్నడు. దానికి నీడ నగ అని పేరు వెట్టిండు. ఆ నగను అమ్మరాదు, కుదువ పెట్టరాదు. మళ్ల జర సేపట్ల మాయమైతది. నగకు మనం కట్టే విలువ ఏడికెళ్లి వస్తున్నదో ఆ అచ్చు అడుగుతున్నది.

బంగారం మీద సూటిగ దెబ్బ కొట్టింది స్విట్జర్లాండ్‌ల పుట్టిన ఒట్టో క్యూన్‌స్లి. 1980ల ఆయన ఒక నల్ల రబ్బరు గాజు చేసిండు. రబ్బరు లోపల ఒక బంగారు గుండు దాచిండు. పైకెళ్లి సూస్తే ఒక ఉబ్బు కనబడ్తది, అంతే. దాని పేరు "బంగారం కండ్లు పోగొడ్తది". బంగారం సూడాలంటే గాజు కోయాలె. కోస్తే నగ ఖతం. కోయకుంటె లోపల బంగారం ఉన్నదని నమ్ముకోవాలె. ఇంతకూ ఆ గాజు విలువ గుండుల ఉన్నదా, నమ్మకంల ఉన్నదా? ఒక్క గాజుతోని గంత పెద్ద ప్రశ్న అడిగిండాయన.

ఆయనదే ఇంకో పని ఉన్నది. వేరేటోళ్లు తొడిగి తీసేసిన 48 పెండ్లి ఉంగరాలు కూడగొట్టి, ఒకదాంట్ల ఒకటి ఏసి 1985-86ల గొలుసు చేసిండు. చూపుకు మామూలు బంగారు గొలుసే. గని ఒక్కొక్క ఉంగరం ఎనుక ఒక సంసారం ఉన్నది. కొందరు సచ్చిపోయి ఉంటరు, కొందరు విడిపోయి ఉంటరు. గది తెలిసినంక ఆ గొలుసు మెడల ఏసుకునెతందుకు ఎవరికి ధైర్యం వస్తది? తూకం ఏసి సూస్తే అది వట్టి బంగారం. మనసు పెట్టి సూస్తే 48 కథలు.

జైలును ఛాతి మీద పెట్టుకున్న ఆడోళ్లు

నగతోని మాట చెప్పుడు 1960లల్ల పుట్టింది కాదు. అంతకుముందే ఉద్యమాలు దాన్ని వాడుకున్నయి.

1787ల ఇంగ్లండ్‌ల జోసయా వెడ్జ్‌వుడ్ అనే కుండల ఫ్యాక్టరీ యజమాని ఒక చిన్న మట్టి బిళ్ల చేయించిండు. సంకెండ్లల్ల ఉన్న ఆఫ్రికా మనిషి మోకాళ్ల మీద కూసొని, నేను మనిషిని కానా, మీ అన్నదమ్ముణ్ని కానా అని అడుగుతున్న బొమ్మ దాని మీద ఉంటది. బానిస వ్యాపారం వద్దన్నోళ్లు దాన్ని గాజుల్ల, జడపిన్నుల్ల పొదిగిచ్చుకొని తిరిగిండ్రు. బ్రిటన్ 1807ల బానిస వ్యాపారం మీద నిషేధం పెట్టెదాంక నడిచిన ప్రచారంల గా బిళ్ల అందరికీ ఎరుకైన గుర్తు. గని ఒక లోపం గూడ చెప్పుకోవాలె. ఆ బొమ్మల బానిస అడుక్కుంటున్నడు, తిరగబడ్తలేడు. చేసింది తెల్లాయన, పెట్టుకున్నది తెల్లోళ్లు. బాధ ఒకరిది, మాట ఇంకొకరిది.

1909 వరకు వస్తే లెక్క మారింది. ఓటు హక్కు కోసం కొట్లాడిన ఇంగ్లండ్ ఆడోళ్లను లండన్‌ల హాలోవే జైల్ల ఏసిండ్రు. బయటికొచ్చినోళ్లకు సంఘం ఒక బ్రోచి, అంటే బట్టలకు గుచ్చుకునే బిళ్ల, ఇచ్చింది. గీసింది సిల్వియా పాంక్‌హర్స్ట్. ఆమె గూడ జైలుకు పోయొచ్చిన మనిషే. బ్రిటన్ పార్లమెంటు గుర్తయిన ఇనుప జల్లి గేటు, దాని మీద ఖైదీల బట్టల మీద ఏసే బాణం ముద్ర. ఆ బాణం రంగులు ఉద్యమం రంగులే: ఊదా, తెలుపు, ఆకుపచ్చ. సర్కారు సిగ్గుపడాలని ఏసిన ముద్రను ఆళ్లు ఛాతి మీద పతకం లెక్క పెట్టుకున్నరు. ఈడ బాధ పడ్డోళ్లు, గీసినోళ్లు, పెట్టుకున్నోళ్లు అందరూ ఒక్కటే.

నగ తెంపుడు గూడ ఒక మాటనే

మన దేశం కథ ఇంకో తీరు. మనకాడ నగ చానమంది మీద బలవంతంగ మాట్లాడింది. ఎవరు ఏ లోహం పెట్టుకోవాలె, ఏది పెట్టుకోవద్దు అనేది కులం చెప్పింది. దూరంకెళ్లి సూడంగనే ఈమె ఫలానా కులం అని తెల్వాలని గట్ల చేసిండ్రు.

కేరళల పులయ కులపు ఆడోళ్లను బంగారం, వెండి ముట్టనియ్యలేదు. రాళ్ల పూసల దండలే ఏసుకోవాలె. దాన్ని కల్లుమాల అంటరు. 1915ల అయ్యంకాళి పిలుపిచ్చిండు: ఆ దండలు తీసి పారేయుండ్రి అని. కొల్లం దగ్గర పెరినాడ్‌ల పెద్దకులపోళ్లు దాడులు చేసిండ్రు, గుడిసెలు తలవెట్టిండ్రు. అయినా ఆడోళ్లు ఎనకకు పోలే. కొల్లం సభల దండలు తెంపి కుప్పబోసిండ్రు. కల్లుమాల సమరం అని చరిత్రల దానికి పేరున్నది.

పన్నెండేండ్లకు, 1927 డిసెంబర్ల, మహాడ్ సత్యాగ్రహంల అంబేద్కర్ ఆడోళ్లతోని ప్రత్యేకంగ మాట్లాడిండు. మీరు చీర కట్టే తీరు, చేతినిండ మెడనిండ ఏసుకునే ఆ సొమ్ములు మీ మీద అంటరానితనం ముద్ర ఏస్తున్నయి, అవి ఇడిచిపెట్టుండ్రి అన్నడు. మీటింగుల తీర్మానాలే గాదు, ఒంటి మీది కడియం గూడ రాజకీయమే అని ఆయనకు ఎరుక.

అందుకే కళా నగ ముచ్చట మనకు వట్టి ఫ్యాషన్ ముచ్చట కాదు. హాలోవే ఆడోళ్లు ముద్రను పెట్టుకొని మాట్లాడిండ్రు. పులయ ఆడోళ్లు ముద్రను తెంపి మాట్లాడిండ్రు. రెండింట్ల పని ఒక్కటే: నా ఒంటి మీద మాట నాదై ఉండాలె.

పూసలతోని కొట్లాట

ఈ పని ఇయ్యాల గూడ నడుస్తున్నది. అమెరికాల బాల్టిమోర్ నగరంల జాయిస్ స్కాట్ అనే నల్లజాతి కళాకారిణి ఉన్నది. 1948ల పుట్టింది. బొంతలు కుట్టుట్ల పేరుపొందిన తల్లి కాడ్నే సూది పని నేర్చుకున్నది. చిన్నచిన్న గాజు పూసలు గుచ్చి హారాలు చేస్తది. దూరంకెళ్లి సూస్తే రంగురంగుల అందం. దగ్గరికి పోతే అండ్ల జాతి వివక్ష ఉంటది, ఆడోళ్ల మీద హింస ఉంటది. అందం సూసి దగ్గరికొచ్చినోళ్లు నిజం సూడకుంట పోలేరు. 2016ల ఆమెకు మాకార్థర్ ఫెలోషిప్ వచ్చింది.

న్యూజిలాండ్‌ల 1988ల "ఎముక, రాయి, గవ్వ" అనే పేరుతోని ఒక ప్రదర్శన నడిచింది. యూరప్ నమూనాలు పక్కనపెట్టి, ఆళ్ల నేల మీద, ఆళ్ల సముద్రంల దొరికే వస్తువులతోని చేసిన నగలవి. అది మంచిదే. గని ఎముక, పచ్చరాయి చెక్కుడు ఆడి మూలవాసులు మావోరీల తరతరాల విద్య. వేరేటోళ్లు దాన్ని ఎంతవరకు తీసుకోవచ్చు అని ఆ దేశంల వాదన నడిచింది.

ఆ వాదన మనకు గూడ కావాలె. లంబాడి అక్కల పూసలు, అద్దాలు, గవ్వలు, వెండి గుగ్రీలు ఇయ్యాల పెద్ద షాపులల్ల "ట్రైబల్ డిజైన్" పేరుతోని అమ్ముడుపోతున్నయి. అదే సొమ్ములు పెట్టుకొని తండా అక్క బస్సెక్కితే వింతగ సూసే కండ్లు, షోరూముల మాత్రం మురిపెంగ సూస్తున్నయి. నమూనా కావాలె, మనిషి వద్దు. ఇది కళ గాదు, అడగకుంట తీసుకపోవుడు.

చేసిన చేతి పేరేది?

మన అవుసులోళ్ల కథ ఇంకా అన్యాలం. 1963ల సర్కారు బంగారం అదుపు నిబంధనలు తెచ్చి 14 క్యారెట్లకు మించి నగ చేయొద్దన్నది. దేశమంతట అవుసులోళ్లు పని పోగొట్టుకున్నరు, ఆత్మహత్యలు గూడ జరిగినయి. 1968ల అది చట్టమైంది, 1990ల గాని రద్దు కాలే. తర్వాత మిషన్లు, షోరూములు వచ్చినయి.

2021 సంది హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. నగ మీద బీఐఎస్ గుర్తు, శుద్ధత అంకె, ఆరక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉంటయి. మోసం తగ్గెతందుకు అది మంచిదే. గని సూడుండ్రి: లోహం ఎంత శుద్ధమో రాసి ఉన్నది, చేసిన మనిషి పేరు ఏడ లేదు. కరీంనగర్‌ల వెండి తీగను ఎంట్రుక లెక్క సాగదీసి ఫిలిగ్రీ అల్లే చేతులున్నయి. హైదరాబాద్ లాడ్‌బజార్ల నిప్పు సెగ మీద లక్క గాజుకు రాళ్లు పొదిగే చేతులున్నయి. గాజుల పేరు లోకానికి ఎరుక, చేతుల పేరు ఎవరికీ ఎరుక లేదు. కళా నగలకెళ్లి మనం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే, చేసినోళ్ల పేరు చెప్పుడు.

ఆ లోకంల గూడ లొసుగులున్నయి. బంగారం గర్వాన్ని దించుతమన్న కళ చివరికి గ్యాలరీలల్ల, మ్యూజియం అద్దాల ఎనుక కూసున్నది. పేరున్నోళ్ల రబ్బరు ముక్క బంగారంకంటే పిరం అయితది. బంగారం పోయి పేరు గద్దెనెక్కింది. అందుకే ఆ నగలను దండం పెట్టి సూసుడు కాదు, ఆ ప్రశ్నను మన ఊరికి తెచ్చుకోవాలె.

మనం ఏం చేయొచ్చు?

ఇగ నగ కనబడ్తే నాలుగు ప్రశ్నలు అడుగుండ్రి. ఇది ఏం చెప్తున్నది? ఎవరి తరఫున చెప్తున్నది? ఎవరు చేసిండ్రు? పెట్టుకున్న మనిషికి ఇష్టం లేకుంటె తీసేసే హక్కు ఉన్నదా? మెట్టెలకు, పుస్తెలకు, కులం గుర్తులకు, మెడల నాయకుని లాకెట్‌కు, అన్నిటికీ ఈ ప్రశ్నలు పనికొస్తయి.

చేయాలనిపిస్తే పెద్ద కర్సు అక్కర్లేదు. కాలిపోయిన మోటరుకెళ్లి తీసిన రాగి తీగ, ఒక పట్టుకారు, ఒక చిన్న సుత్తె, ఒక ఆకురాయి చాలు. అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ ఇత్తడి, వెండి తీగలను సుత్తెతోని కొట్టి, వంచి దాదాపు 1,800 నగలు చేసిండు. చానమట్టుకు సొంత మనుషులకు, దోస్తులకే ఇచ్చిండు. జాగ్రత్తలు మాత్రం మరువొద్దు. తీగ మీది పూతను కాల్చొద్దు, ఆ పొగ విషం. గరుకు కాయితంతోని గీకుండ్రి. సీసం కరిగియ్యొద్దు. కొసలు నున్నగ రాకుండ్రి. ఒంటికి దద్దు వస్తే తీసేయుండ్రి.

ముందుగాల తీగ పట్టుకోకుండ్రి, మాట పట్టుకోండ్రి. మీ ఊరి చెరువు పోయిందా, దాని మట్టిబిళ్ల చేసి ఛాతికి గుచ్చుకోండ్రి. అమ్మ బీడీలు చుట్టి సదివిచ్చిందా, బీడీ దారంతోని ఒక ముడి కట్టి మెడల ఏసుకోండ్రి. ఎవరన్న ఇదేంది అని అడుగుతరు. అడిగినప్పుడు చెప్పుండ్రి. మీ ఊరి అవుసులాయన కాడికి గూడ ఒకసారి పోండ్రి. తులం ధర అడిగేముందు ఆయన పేరు అడుగుండ్రి.