నేల క్రింది నీటి గొట్టములు

ఇంటిలో కంటికి కనబడని భాగములలో నీటి గొట్టము ఒకటి. కుళాయి త్రిప్పగానే నీరు వచ్చుచున్నంతవరకు దాని ఊసు ఎవరికిని అక్కరలేదు. గది మూలనున్న నాపరాతిని పెకలించునప్పుడు గడ్డపార మొన తగిలినను, తలుపు గొళ్ళెము కొరకు గచ్చులో రంధ్రము చేయునప్పుడు డ్రిల్లు కొంచెము లోతునకు దిగినను, బండల సందులనుండి నీరు ఉబికివచ్చును. అప్పుడు ఇంటివారికి కలుగు మొదటి సందేహము, అసలు గొట్టము ఎటు పోవుచున్నదని. ఆ సంగతి తెలిసిన మేస్త్రి ఇల్లు ముగించి వెడలిపోయి ఎన్నియో ఏండ్లయి యుండును.

చలి దేశములలో చాల ఇండ్ల నేలకు కొయ్య పలకలు పరతురు. అచ్చట గొట్టమునకు శత్రువు పలకకు కొట్టు మేకు. అయితే చెడినచోట పలక నెత్తి చూచుట సులభము. కృష్ణపట్నము, మైపాడు, ఇసకపల్లి మొదలగు ఊళ్ళున్న నెల్లూరు తీరమున కొయ్య నేలలు వాడుకలో లేవు. ఇచ్చటి నేల సిమెంటు గచ్చు, కడప బండ, లేక నునుపైన పలకరాయి. దానిని ఎత్తుట యనగా పగులగొట్టుటయే. కావున గొట్టమును ఎన్నుకొనునప్పుడు అది ఎంతకాలము మన్నును అని మాత్రమే కాక, చెడినప్పుడు దానిని ఎవరు, ఎట్లు బాగుచేయగలరు అనియు ఆలోచింపవలసి యున్నది. ఈ ఆలోచన క్రొత్తది కాదు. దీనికి రెండు వేల ఏండ్ల చరిత్ర కలదు.

రోము నగరపు పాఠము

క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దమున రోమను శిల్పి విట్రూవియస్ రచించిన వాస్తుగ్రంథమున నీటి గొట్టములను గూర్చిన చర్చ కలదు. ఆనాడు సీసపు గొట్టములు, కాల్చిన మట్టి గొట్టములు రెండును వాడుకలో నుండెను. విట్రూవియస్ మట్టి గొట్టమునే మెచ్చెను. దానికి ఆయన చూపిన మొదటి కారణము, అది చెడినచో ఎవరైనను బాగుచేసికొనవచ్చునని. రెండవ కారణము ఆరోగ్యము. సీసమునుండి తయారగు సఫేదా శరీరమునకు చెరుపు చేయునని, సీసపు పనివారి ముఖములు పాలిపోయి యుండుట దీనికి నిదర్శనమని ఆయన వ్రాసెను.

మట్టి గొట్టములను అతుకు విధమును గూడ ఆయన చెప్పెను. గొట్టపు గోడ రెండు వ్రేళ్ళ మందమునకు తగ్గరాదు. ఒక కొన సన్నగా నుండి రెండవ గొట్టపు నోటిలో ఇమడవలెను. అతుకులకు నూనెతో మర్దించిన సున్నము పూయవలెను. మొదటిసారి నీరు విడుచునప్పుడు అందు బూడిద కలిపినచో, అది నీటితో పోయి, సరిగా పూత పడని సందులలో చేరి వానిని మూసివేయును.

క్రీ. శ. 97లో రోము నగరపు నీటి అధికారిగా నియమింపబడిన ఫ్రాంటినస్ వేరొక చిక్కును గమనించెను. నగరమందలి వీధుల రాతి పరపు క్రింద రహస్యముగా గొట్టములు సాగుచుండెను. కొందరు పెద్ద గొట్టములకు తూట్లు పొడిచి నీటిని దొంగిలించి అమ్ముకొనుచుండిరి. ఆ దొంగ గొట్టములను పెకలించగా లభించిన సీసము కొల్లలుగా నుండెనని ఆయన తెలిపెను. నేల క్రింద ఏమున్నదో పైనున్న యజమానికి తెలియకుండుట ఎంతటి నష్టమో దీనివలన విశదమగుచున్నది.

గోలకొండ గోడలలో

ఇట్టి మట్టి గొట్టములకు తెలుగు దేశమున ప్రసిద్ధమైన ఉదాహరణము గోలకొండ కోట. 1518 మొదలు 1687 వరకు ఏలిన కుతుబ్ షాహీల కాలమున దుర్గం చెరువు నీటిని కోటకు తెచ్చి, ఎద్దులచే త్రిప్పబడు చక్రములతో అంచెలంచెలుగా ఎత్తైన తొట్లకు చేర్చిరి. ఆ తొట్లనుండి మట్టి గొట్టముల ద్వారా నీరు భవనములకు పారెను. గొట్టములను గోడల మధ్య సున్నపు అడుసులో ఇమిడ్చిరి. శిథిలమైన గోడలలో వాని తునకలు నేటికిని కనబడును.

మట్టి తుప్పు పట్టదు, ఉప్పునకు లొంగదు. కాని అది పెళుసు. విట్రూవియస్ మెచ్చిన గుణము, అనగా సులభముగా బాగుచేయ వీలగుట, గొట్టము చేతికి అందుచోటనే చెల్లును. గోడ నడుమ సున్నములో గట్టిగా బంధించిన గొట్టము పగిలినచో గోడనే పగులగొట్టవలెను. మంచి పదార్థమున్న మాత్రమున చాలదు, దానిని చేరు దారి కూడ ఉండవలెను.

ఇనుము, మర, తుత్తునాగము

ఫ్రాన్సులో 1664 నుండి వెర్సాయి ఉద్యానములకు పోత ఇనుప గొట్టములను వేసిరి. 1785లో లండనులోని చెల్సీ నీటి సంస్థ ఇంజనీరు థామస్ సింప్సన్, ఒక గొట్టపు కొన మరియొక గొట్టపు వెడల్పు నోటిలో ఇమిడి, నడుమ సందును సీసముతో నింపు అతుకును ప్రచారములోనికి తెచ్చెను. ఇవి వీధులకు తగిన గొట్టములు. ఇండ్లలోనికి పోవు సన్నని గొట్టములకు మార్గము 1825లో ఏర్పడెను. ఆ యేట కార్నీలియస్ వైట్‌హౌస్ ఇనుప పట్టీని కాల్చి, వంచి, అంచులు కలిపి గొట్టముగా లాగు పద్ధతికి పేటెంటు పొందెను.

మరమ్మతు చరిత్రలో అంతకంటె ముఖ్యమైనది 1841. అంతవరకు ఒక్కొక్క కర్మాగారమువారు మరను ఒక్కొక్క తీరున కోయుచుండిరి. ఆ యేట జోసెఫ్ విట్‌వర్త్ అందరికిని ఒకే కొలత గల మరను ప్రతిపాదించెను. గొట్టపు మరలకును దానినే ఆధారముగా గైకొనిరి. నెల్లూరు బజారులో కొన్న సాకెట్టు వేరొక ఊరిలో చేసిన గొట్టమునకు చక్కగా సరిపోవుటకు కారణమిదియే.

ఇనుమునకు తుప్పు సహజశత్రువు. కరిగిన తుత్తునాగములో, అనగా జింకులో, ఇనుమును ముంచి పూత పెట్టవచ్చునని 1742లో మలువాఁ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. 1837లో సొరెల్ దీనికి పేటెంటు పొందెను. జి. ఐ. పైపు అని మేస్త్రీలు పిలుచునది ఇదియే. ఈ పూత కేవలము రంగువంటిది కాదు. గీత పడి ఇనుము బయటపడినను, ప్రక్కనున్న తుత్తునాగము ముందుగా తాను కరిగి ఇనుమును కాపాడును. ఒక లోహము తాను నశించి మరియొక లోహమును రక్షించు ఈ ధర్మమును 1824లోనే హంఫ్రీ డేవీ ఓడల రాగి తొడుగులపై పరీక్షించి చూపెను.

సముద్రతీరపు పరీక్ష

నెల్లూరు తీరమున ఈ రక్షణ కఠినపరీక్షకు గురియగును. సముద్రపు ఉప్పులో తినెడి ఉప్పే కాక మెగ్నీషియం క్లోరైడు కూడ కలదు. అది గాలిలోని చెమ్మను పీల్చుకొనును. వానకాలమున ఉప్పు జాడీ చెమర్చుట అందరు ఎరిగినదే. ఉప్పు తగిలిన ఇసుకను కడుగక గచ్చు క్రింద నింపినచో, గొట్టము చుట్టును ఎల్లప్పుడు పలుచని ఉప్పునీటి పొర నిలిచి యుండును. అందలి క్లోరైడు తుప్పును త్వరపరచును.

ఇంకొక వింత కలదు. గొట్టములో ఒక భాగము పొడి ఇసుకలోను, మరియొక భాగము తడి బంకమట్టిలోను ఉన్నచో, గాలి బాగుగా తగులుచోట కాక, తక్కువగా తగులు తడిచోటనే ఇనుము తినివేయబడును. ఈ రహస్యమును 1920ల దశాబ్దమున కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ ఇనుపరేకుపై ఉప్పునీటి బొట్టునుంచి నిరూపించెను. బొట్టు అంచున గాలి అధికము, నడుమ స్వల్పము. ఇనుము కరిగినది నడుమ.

మర కోసినచోట గొట్టపు గోడ పలుచనగును, తుత్తునాగపు పూత పోవును. అందుచే తరచుగా అతుకులే ముందు కారును. పాత గొట్టములో అతికిన క్రొత్త ఇనుప ముక్క పాతదానికంటె ముందు చెడుట గూడ కలదు. తుప్పు పొర కప్పిన పాత భాగమునకును, నిగనిగలాడు క్రొత్త భాగమునకును నడుమ విద్యుద్ఘటము ఏర్పడి క్రొత్తది కరుగుటయే దీనికి కారణము.

ప్లాస్టిక్ యుగము

పి. వి. సి. అను పదార్థమును 1872లో జర్మను రసాయనజ్ఞుడు బౌమన్ వర్ణించెను. 1930ల దశాబ్దమున ఆ దేశముననే దానితో నీటి గొట్టములు చేసిరి. దీనికి ఉప్పు లెక్కలేదు, తుప్పు లేదు. తీరప్రాంతమునకు ఇది వరమే. కాని రెండు లోపములు గలవు. గడ్డపార దెబ్బను ఇనుము కొంతవరకు కాచుకొనును, ప్లాస్టిక్ కాచుకొనలేదు. ఇనుప గొట్టము ఎచ్చటనున్నదో లోహశోధకముతో వెదకవచ్చును, ప్లాస్టిక్ గొట్టము దానికి చిక్కదు. విట్రూవియస్ దూషించిన సీసము స్థిరత్వము నిచ్చు ద్రవ్యముగా ఈ గొట్టములలోనికి కూడ ప్రవేశించెను. దానిని అరికట్టుటకు భారత ప్రభుత్వము 2021లో నియమములు చేసెను.

బాగుచేయు క్రమము

గొట్టమునకు దెబ్బ తగిలినప్పుడు మొదట చేయవలసినది త్రవ్వుట కాదు. మిద్దెమీది తొట్టి వాల్వును, వీధి గొట్టపు వాల్వును మూయవలెను. గచ్చులో విద్యుత్తు తీగలును ఉండవచ్చును గనుక మెయిన్ స్విచ్చి కట్టివేయవలెను. చిన్న రంధ్రమని ఉపేక్షింపరాదు. 1644లో టారిచెల్లి ప్రకటించిన సూత్రము ప్రకారము, 5 మీటర్ల ఎత్తున నిండుగా నున్న తొట్టినుండి వచ్చు నీరు రంధ్రమునుండి సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగముతో వెడలును. 2 మిల్లీమీటర్ల రంధ్రముగుండ రోజుకు సుమారు 1600 లీటర్లు పోవును.

తూటు కనబడక, నేల మాత్రము చెమర్చుచున్నచో, రాత్రి కుళాయిలన్నియు కట్టి తొట్టిలో నీటి మట్టమును గుర్తించి తెల్లవారి చూడవలెను. మట్టము తగ్గినచో కారుచున్నట్లే. తరువాత చెమ్మ అధికముగానున్న చోట ఉలితో కొద్దికొద్దిగా గచ్చును తొలగింపవలెను. తూటునకు ఇరువైపుల జానెడు గొట్టము బయటపడువరకు త్రవ్వుట మేలు.

ఇనుప గొట్టము రెండు కొనలయందును బిగింపబడి యుండుటచే దానిని త్రిప్పి ఊడదీయుటకు వీలులేదు. ఒక కొన వదులైనచో రెండవది బిగియును. కావున చెడిన భాగమును కోసి, క్రొత్త మర వేసి, నడుమ యూనియను అతుకుదురు. అతుకునకు సఫేదా పూసి జనుపనార చుట్టుట వెనుకటి పద్ధతి. నేడు టెఫ్లాన్ టేపు చుట్టుచున్నారు. ప్లాస్టిక్ గొట్టమునకు చెడిన ముక్కను కోసి, కాలరుతో క్రొత్త ముక్కను అతుకుదురు. సొల్యూషన్ అని పిలుచు ద్రవము జిగురు మాత్రమే కాదు. అది రెండు ఉపరితలములను కొంచెము కరిగించును. ద్రవము ఆవిరియైనకొలది రెండును ఒకే ముక్కగా నగును. తడి యున్నచో ఇది సాగదు. అందుచే గుడ్డతో పూర్తిగా తుడిచి ఆరనిచ్చి పిదప పూయవలెను. చెప్పిన గడువు గడువకముందే నీరు విడువరాదు. నీరు విడిచి, కారుట లేదని చూచిన పిదపనే గచ్చు మూయవలెను.

రంధ్రము రెండు వైపుల ద్వారము

నీరు వ్యర్థమగుట చిన్న నష్టము. రోజులో కొన్ని గంటలు మాత్రమే నీరు వదలు ఊళ్ళలో, సరఫరా ఆగగానే గొట్టములో ఒత్తిడి పడిపోవును. ప్రక్కవారు మోటారుతో లాగినచో గొట్టము పీల్చుకొనుట గూడ సంభవించును. అప్పుడు నీరు బయటికి పోయిన రంధ్రమునుండియే నేలలోని మురికి లోపలికి వచ్చును. 1854లో లండనులోని బ్రాడ్ వీధి బావి నీటివలన కలరా వ్యాపించెనని జాన్ స్నో చూపెను. మరుసటి యేడు త్రవ్వి చూడగా, ప్రక్క యింటి మురికిగుంట ఇటుకలు సడలి, అందలి మలినము ఆ బావిలోనికి ఊరుచున్నట్లు తేలెను. నేల క్రింది సందు పైకి కనబడలేదు. ప్రాణములు మాత్రము పోయెను. కావున బాగుచేసిన వెంటనే కొంతసేపు నీటిని పారబోసి, తరువాతనే త్రాగుటకు పట్టుకొనవలెను.

మట్టి, సీసము, ఇనుము, ప్లాస్టిక్ వరుసగా మారినవి. చేతికందని గొట్టము ఏ పదార్థముతో చేసినదైనను ఒక్కటే. గచ్చు వేయుటకు ముందు గొట్టముల దారిని కొలతలతో ఒక కాగితముపై గీసి, ఫోటో తీసి, ఇంటి పత్రములతో భద్రపరచుటకు ఖర్చు లేదు. గొట్టమును వీలైనంతవరకు గోడ వెంబడి నడిపి, అతుకులున్నచోట సున్నముతో బిగింపక ఎత్తుటకు వీలైన చిన్న బండను వేసినచో చాలును. తరువాత గడ్డపార పట్టువాడు ఆ కాగితమును చూచి పని మొదలిడును.