పసిపిల్లల మధ్య పనిచేస్తూ పట్టా: ఇంగ్లండ్‌లో ఒక చదువు పుట్టుపూర్వోత్తరాలు

పుట్టినప్పటి నుంచి ఐదేళ్లు నిండేవరకు గల దశను ఇంగ్లండ్‌లో ‘ఎర్లీ ఇయర్స్’ అంటారు. ఆ వయసు పిల్లలను నర్సరీలలో చూసుకునే ఉద్యోగినులు కొలువు మానకుండానే విశ్వవిద్యాలయ పట్టా పొందడానికి విస్తృతమైన మార్గం 2001 తరువాతనే ఏర్పడింది. అంతకుముందు ఈ పనికి శిక్షణ లేకపోలేదు గాని, పసివారి పెంపకం స్త్రీలకు సహజంగా అబ్బేదే అన్న నమ్మకం బలంగా ఉన్నందువల్ల దానిని ఉన్నత విద్యగా పరిగణించినవారు తక్కువ.

1892లో ఎమిలీ వార్డ్ లండన్‌లో స్థాపించిన నార్లండ్ ఇన్‌స్టిట్యూట్, కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన ఫ్రోబెల్ భావాల ఆధారంగా శిక్షణ ఇచ్చినా, అక్కడ తయారైన దాదులు సంపన్నుల ఇళ్లలోనే కుదిరారు. పేదల బిడ్డలకూ చదువుకున్న సంరక్షకులే కావాలని పట్టుబట్టిన మార్గరెట్ మెక్‌మిలన్, అక్క రేచల్‌తో కలిసి 1914లో లండన్‌లోని డెట్‌ఫర్డ్ పేటలో ఆరుబయలు నర్సరీని నెలకొల్పారు. 1917లో మరణించిన అక్క పేరిట 1930లో ఆమె ప్రారంభింపజేసిన కళాశాల, పిల్లల మధ్య పనిచేయడమే చదువులో ప్రధాన భాగమని భావించింది. తరువాతి విధానకర్తలు ఈ మార్గాన్ని విడిచి, ఉపాధ్యాయినులను ఒక తరగతిగా, నర్సరీ నర్సులను మరొక తరగతిగా విడదీశారు. 1945లో ఏర్పడిన జాతీయ నర్సరీ పరీక్షా మండలి ఇచ్చిన యోగ్యతాపత్రం గౌరవనీయమైనదే అయినా, అది విశ్వవిద్యాలయం వైపు దారి తీయలేదు.

ఆ అడ్డుగోడ 1990లలో కదిలింది. మనస్తత్వశాస్త్రం, ఆరోగ్యం, సామాజిక విధానం, విద్య అనే నాలుగింటినీ బిడ్డ కేంద్రంగా కలిపి బోధించే బాల్య అధ్యయన పట్టాలు ఆ దశకంలో మొదలయ్యాయి. 1997లో ప్రారంభమై సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను పరిశీలించిన ఒక బృహత్ పరిశోధన, సిబ్బంది అర్హతలు పెరిగినచోట నర్సరీ నాణ్యత కూడా మెరుగ్గా ఉన్నదని తేల్చింది. 2001లో వచ్చిన ‘ఫౌండేషన్ డిగ్రీ’, అనగా కొలువుతో ముడిపడి 240 క్రెడిట్లతో ముగిసే పట్టా, పనిచేసేవారికి తలుపు తెరిచింది. దానికి మరికొంత చదువు జోడిస్తే పూర్తి ఆనర్స్ పట్టా లభిస్తుంది.

ఈ చదువు విలువ అది జరిగే తీరులో ఉన్నది. పగలు నర్సరీలో గడిపి, సాయంత్రం తరగతికి వెళ్లే విద్యార్థిని, తల్లి విడిచి వెళ్లగానే ఏడ్చే బిడ్డను రోజూ చూస్తూనే, తల్లీబిడ్డల అనుబంధంపై జాన్ బౌల్బీ రూపొందించిన సిద్ధాంతాన్ని చదువుతుంది. ప్రతి బిడ్డకూ ఒక నిర్దిష్ట సంరక్షకురాలు, అక్కడి మాటలో ‘కీ పర్సన్’, ఎందుకు ఉండాలో అప్పుడు ఆమెకు నియమంగా గాక కారణంతో సహా బోధపడుతుంది. బిడ్డ ఆటను గమనించి రాసుకున్న వివరాలే ఆమె వ్యాసానికి ఆధారాలవుతాయి, ఆ వ్యాసం రాసిన తరువాత మరునాటి ఆటను ఏర్పరచే పద్ధతి మారుతుంది. ఇరవై ఏళ్ల అనుభవం గల ఉద్యోగిని తన చేతికి తెలిసినదానికి మాటలు, ఆధారాలు సంపాదించుకోవడం చిన్న లాభం కాదు.

రాజ్యం మాత్రం ఇంత స్థిరంగా నిలవలేదు. పూర్తిరోజు నడిచే ప్రతి నర్సరీలోనూ 2015 నాటికి ఒక పట్టభద్రురాలు ఉండాలన్న లక్ష్యం 2010లో ప్రభుత్వం మారిన తరువాత సడలిపోయింది. 2012 నుంచి బోధనా రుసుములు ఏడాదికి 9,000 పౌండ్ల వరకు పెరగడంతో కొలువు చేస్తూ చదివేవారి సంఖ్య బాగా తగ్గింది. 2013లో సృష్టించిన ‘ఎర్లీ ఇయర్స్ టీచర్’ హోదాకు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల శిక్షణకు ఉన్న ప్రవేశార్హతలనే నిర్దేశించినా, ఆ ఉపాధ్యాయుల అధికారిక గుర్తింపును గాని, వారి వేతన శ్రేణిని గాని దానికి వర్తింపజేయలేదు. జ్ఞానాన్ని కోరి, దానికి తగిన జీతాన్ని నిరాకరించిన ఈ విధానం న్యాయమైనది కాదు.