ఆకు వయసు ఎవరికి తెలుసు?

1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిద చూసి రకం చెప్పగలనంటాడు. హంతకుడు ‘లుంకా’ తాగాడని తేలితే వెతకాల్సిన మనుషులు తగ్గిపోతారని ఒక ఉదాహరణ ఇస్తాడు. ఆ లుంకా గోదావరి లంకల్లో పండిన ఆకుతో చుట్టిన చుట్ట. లండన్ పాఠకుడికి ఆ చుట్ట పేరు తెలుసు. దాన్ని ఏ ఏడాది ఆకుతో చుట్టారో చెప్పే గుర్తు మాత్రం ఎక్కడా ఉండదు.

క్యూబా సిగార్ల సంగతి వేరు. పెట్టె అడుగున సిగార్లను అందులో సర్దిన నెల, ఏడాది ముద్ర వేస్తారు. దాన్ని చూసి కొని, ఏళ్ల తరబడి దాచుకునేవాళ్లున్నారు. నిల్వలో అమోనియా ఘాటు తగ్గి రుచి మెత్తబడుతుందన్నది వాళ్ల అనుభవం. అయితే ఆ ముద్ర చెప్పేది సిగార్లను పెట్టెలో సర్దిన కాలమే. అందులోని ఆకు అంతకు చాలా ముందే కోసి, పులియబెట్టి, మాగబెట్టినది.

ఆకు వయసుకీ సరుకు తేదీకీ ఉన్న ఈ తేడా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బాగా తెలుస్తుంది. ఇక్కడ నాటు పొగాకు పాతకాలం నుంచీ ఉంది. సిగరెట్లకు పనికొచ్చే వర్జీనియా 1920లలో నల్లరేగడి మీదికొచ్చింది. ఆ దశాబ్దం చివరికి ఆకును వేడితో ఎండబెట్టే బ్యారన్లు లేచాయి. చీరాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ (ఐఎల్‌టీడీ) కంపెనీ పొగాకును శుద్ధిచేసి ఎగుమతికి సిద్ధం చేసేది. వానలు తగ్గాక నారు నాటితే, నేలలో మిగిలిన తడితోనే మొక్క ఎదుగుతుంది. అడుగాకు ముందు పండుతుంది కాబట్టి విడతలు విడతలుగా కొడతారు. ఆడవాళ్లు కర్రలకు అల్లిన ఆకును బ్యారన్లో వేలాడదీస్తారు. సుమారు 5, 6 రోజులు మంట పెడతారు: ముందు సన్నని సెగకు ఆకు పసుపెక్కుతుంది, తర్వాత వేడి పెంచి రంగు నిలబెడతారు, చివరికి ఈనె కూడా ఎండాలి. ఒక్క రాత్రి మంట అదుపు తప్పినా పంట విలువ పడిపోతుంది.

మండె కట్టి, గ్రేడు చేసి అమ్మాక ఆకు కంపెనీ గోదాముకు చేరుతుంది. అక్కడ తేమను 12 శాతం దగ్గరికి తెచ్చి, గట్టిగా ప్యాక్ చేసి, ఏడాది నుంచి రెండేళ్లు మాగనిస్తారు. పచ్చివాసన పోతుంది, ఘాటు దిగుతుంది. పంట సంవత్సరం ప్యాకింగ్ మీద రాసి ఉంటుంది. సిగరెట్ తయారీలో పలు సంవత్సరాల ఆకును కలుపుతారు, ఎందుకంటే నిరుటి రుచే ఈ ఏడూ రావాలి. పెట్టె మీద అచ్చైన నెల సిగరెట్ తయారైన నెల. ఆకు వయసు తాగేవాడికి కనిపించదు. ఎన్నేళ్లు మాగినా ఆ పొగలోని క్యాన్సర్ కారకాలు పోవన్నదీ ఇక్కడే చెప్పుకోవాలి.

కంపెనీ గోదాములో కాలం గడిస్తే సరుకు విలువ పెరుగుతుంది. రైతు ఇంట్లో అదే కాలం నష్టం తెస్తుంది. శుద్ధి చేయని ఆకు గాలిలోని తడి పీలిస్తే బూజు పడుతుంది, ఎండితే పొడి అయిపోతుంది, ఈలోపు అప్పుకు వడ్డీ నడుస్తుంది. అందుకే రైతుకు కావాల్సింది అమ్ముకునే తేదీ. 1975 చట్టంతో ఏర్పడిన పొగాకు బోర్డు గుంటూరు కేంద్రంగా 1976 నుంచి పనిచేస్తోంది. 1980ల మధ్యలో బోర్డు నడిపే వేలాలు మొదలై, రైతుకు ఆ తేదీ దొరికింది. 1991లో సోవియట్ యూనియన్ కూలి పెద్ద కొనుగోలుదారు పోవడంతో ఆ వేలాలకూ గట్టి దెబ్బ తగిలింది.

ఇక్కడే పండే మరో రకం పొగాకు నల్ల బర్లీకి ఆ వేలం కూడా లేదు. బోర్డు వేలాలు వర్జీనియాకే. 2025లో ధర పడిపోయి, వ్యాపారులు కొనుగోలు తగ్గించడంతో పర్చూరు ప్రాంతంలో బర్లీ రైతుల ఇళ్లలో ఆకు పేరుకుపోయింది. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా ఆ ఆకు కొనాల్సి వచ్చింది.